డబ్బు పెట్టకుండా పోకర్ నేర్చుకోవడం ఎలా? టెక్సస్ హోల్డెమ్ మొదటి పాఠాలు

రమ్మీ వచ్చినవాళ్ళు పోకర్ సగం వచ్చేసినట్టే అనుకుంటారు. మూడు ముక్కలాట ఆడినవాళ్ళయితే ఇంకాస్త ధీమాగా కూర్చుంటారు. కానీ మొదటి వారం వాళ్ళకి అడ్డం పడేవి ఆ పాత అలవాట్లే. రమ్మీలో ముక్క లాగుతాం, పడేస్తాం, చేతిని బాగు చేసుకుంటాం. మనం నేర్చుకోబోయే పోకర్‌లో అలా కుదరదు. మీకు పంచిన ముక్కలు చివరిదాకా అవే. మీ చేతిలో ఉన్న నిర్ణయం ఒక్కటే: ఈ ఆటలో ఉండాలా, దిగిపోవాలా, ఉంటే ఎంత పెట్టాలి. ఎప్పుడు దిగిపోవాలో తెలిసినవాడే ఈ ఆటలో మంచి ఆటగాడు. ఈ వ్యాసం నిండా ఆ మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది.

పోకర్‌లో రకాలు చాలా ఉన్నాయి. మీరు నేర్చుకోవలసింది టెక్సస్ హోల్డెమ్. ఈ ఆట టెక్సస్ రాష్ట్రంలోని రాబ్స్‌టౌన్ అనే చిన్న ఊళ్ళో పుట్టిందని అక్కడి శాసనసభ 2007లో గుర్తించింది. 1960ల్లో లాస్ వేగాస్ చేరింది. 1970లో అక్కడి బినియన్స్ హార్స్‌షూ క్యాసినోలో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ అనే పెద్ద పోటీ మొదలైంది. టీవీలోనో యూట్యూబ్‌లోనో మీరు చూసిన పోకర్ దాదాపుగా ఇదే.

డబ్బు సంగతి ముందే తేల్చుకుందాం. 1967లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని చెప్పింది. ఇప్పటికీ చాలామంది ఆ తీర్పునే పట్టుకుని "పేకాటకి కోర్టు ఒప్పుకుంది కదా" అంటారు. ఆ తర్వాత చాలా మారింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్ట సవరణలతో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడకుండా, దేశమంతటా అలాంటి ఆటలను ఆపేసింది. కాబట్టి "బోనస్ ఇస్తాం, యాప్ వేసుకోండి" అని ఎవరైనా లింకు పంపితే తెరవకండి. ఇళ్ళలో, తోటల్లో డబ్బు పెట్టి ఆడడం కూడా పోలీసు కేసు దాకా వెళ్ళే వ్యవహారమే. అయినా ఈ ఆట నేర్చుకోవడానికి ఒక్క రూపాయి అక్కర్లేదు. డబ్బు లేకపోతే పోకర్‌లో పస ఉండదనేవాళ్ళకి జవాబు చివర్లో టోర్నమెంటు పద్ధతి దగ్గర ఉంది.

ఏమేం సిద్ధం చేసుకోవాలి

నలుగురి నుంచి ఆరుగురి దాకా మనుషులు, ఒక పేకకట్ట, ఒక దుప్పటి. జోకర్లు తీసేయండి, 52 ముక్కలే వాడాలి. ముక్కలు అంచులు నలిగి గుర్తుపట్టేలా ఉంటే కొత్త పేక తెచ్చుకోండి, పాత పేకతో పోకర్ ఆడలేం.

చిప్స్ కొనక్కర్లేదు. చింతపిక్క ఒకటి, రాజ్మా గింజ ఐదు అని లెక్క పెట్టుకోండి. మనిషికి 20 చింతపిక్కలు, 16 రాజ్మా గింజలు ఇస్తే మొత్తం 100 పాయింట్లు. బఠాణీలూ శనగలూ వద్దు, దుప్పటి మీద నిలవకుండా దొర్లిపోతాయి. నాణేలు అసలే వద్దు. అవి మధ్యలో కనిపిస్తే ఆట స్వభావమే మారిపోతుంది, పక్కింటివాళ్ళకి అనుమానం కూడా.

డీలర్ ఎవరో గుర్తుగా ఒక సీసా మూత పెట్టుకోండి. దాన్ని "బటన్" అంటారు. ప్రతి ఆట అయ్యాక అది ఎడమవైపు మనిషికి జరుగుతుంది.

ఏది దేన్ని గెలుస్తుంది

పోకర్‌లో హ్యాండ్ అంటే ఎప్పుడూ ఐదు ముక్కలే. పెద్దదాని నుంచి చిన్నదానికి వరస ఇది. రంగు అంటే ఎరుపూ నలుపూ కాదు, ఇస్పేటు, ఆటీను, డైమన్, కళావరుల్లో ఒకటి. దీన్ని కాగితం మీద రాసి అందరికీ కనిపించేలా పెట్టండి.

1. రాయల్ ఫ్లష్: ఒకే రంగులో 10, జాకీ, రాణి, రాజు, ఆసు.
2. స్ట్రెయిట్ ఫ్లష్: ఒకే రంగులో వరసగా ఐదు. ఉదాహరణకి ఇస్పేటు 5, 6, 7, 8, 9.
3. ఫోర్ ఆఫ్ ఎ కైండ్: ఒకే నంబరు నాలుగు.
4. ఫుల్ హౌస్: ఒకే నంబరు మూడు, ఇంకో నంబరు రెండు.
5. ఫ్లష్: ఒకే రంగు ఐదు, వరస అక్కర్లేదు.
6. స్ట్రెయిట్: వరసగా ఐదు, రంగు ఏదైనా.
7. త్రీ ఆఫ్ ఎ కైండ్: ఒకే నంబరు మూడు.
8. రెండు జతలు.
9. ఒక జత.
10. ఏమీ లేకపోతే పెద్ద ముక్క.

మూడు ముక్కలాట ఆడినవాళ్ళు ఐదు, ఆరు స్థానాలు రెండోసారి చదవండి. అక్కడ సీక్వెన్స్ కలర్‌ని కొడుతుంది. ఇక్కడ తిరగబడింది, ఫ్లషే స్ట్రెయిట్‌ని కొడుతుంది. ఇది ఎవరో సరదాకి మార్చింది కాదు, లెక్క అలా ఉంది. మూడేసి ముక్కలు పంచితే మామూలు సీక్వెన్సులు 720 రకాలుగా, కలర్లు 1,096 రకాలుగా రావచ్చు. అరుదుగా వచ్చేది సీక్వెన్స్, అందుకే దానికి విలువెక్కువ. ఐదు ముక్కలకి వచ్చేసరికి మొత్తం 25,98,960 కలయికల్లో స్ట్రెయిట్లు 10,200, ఫ్లష్‌లు 5,108 మాత్రమే. ఫుల్ హౌస్‌లు 3,744, నాలుగూ ఒకే నంబరు వచ్చేవి 624. సగానికి పైగా కలయికల్లో, అంటే 13 లక్షలకి పైనే, కనీసం ఒక జత కూడా ఉండదు. జత అంటే చిన్న విషయం కాదని ఆ అంకె చూస్తే తెలుస్తుంది.

ఆసు విషయంలో ఇంకో తికమక ఉంది. మూడు ముక్కలాటలో చాలాచోట్ల ఆసు, 2, 3 ని రెండో పెద్ద సీక్వెన్స్‌గా లెక్కేస్తారు. పోకర్‌లో ఆసు, 2, 3, 4, 5 అన్నిటికన్నా చిన్న స్ట్రెయిట్. రాణి, రాజు, ఆసు, 2, 3 అని చుట్టు తిప్పడం అసలు చెల్లదు.

రంగుల్లో ఎక్కువ తక్కువలు లేవు. ఇస్పేటు ఆసు, డైమన్ ఆసు సమానమే. ఇద్దరి ఐదు ముక్కలూ సమానమైతే పాట్ (మధ్యలో పోగైన పందెం మొత్తం) చెరి సగం.

ఒక ఆట ఎలా నడుస్తుంది

డీలర్ ముక్కలు కలిపి, కుడివైపు మనిషి చేత కోయించి, ఎడమవైపు నుంచి ఒక్కొక్కటి చొప్పున అందరికీ రెండేసి ముక్కలు బోర్లా పంచుతాడు. పంచకముందే డీలర్ ఎడమ పక్కనున్న మనిషి 1, ఆ పక్క మనిషి 2 పెట్టి ఉండాలి. వీటిని స్మాల్ బ్లైండ్, బిగ్ బ్లైండ్ అంటారు. ముక్కలు చూడకుండా ఆడడం అని కాదు, ముక్కలు ఎలా ఉన్నా ఆ ఇద్దరూ తప్పనిసరిగా పెట్టాల్సిన పందెం అది. ఇది లేకపోతే అందరూ ఆసుల జత వచ్చేదాకా కూర్చుంటారు, ఆట కదలదు.

అందరూ తమ ముక్కలు చూసుకున్నాక బిగ్ బ్లైండ్ ఎడమ పక్క మనిషి దగ్గర మాట మొదలవుతుంది. అతనికి మూడు దార్లు: 2 పెట్టి ఉండడం (కాల్), కనీసం 4కి పెంచడం (రెయిజ్), ముక్కలు పడేయడం (ఫోల్డ్). అలా చుట్టూ తిరుగుతుంది. ఎవరూ పెంచకుండా బిగ్ బ్లైండ్ దాకా వస్తే ఆ మనిషి "చెక్" అని ఊరుకోవచ్చు, కావాలంటే పెంచనూవచ్చు. ఎవరైనా పెంచితే మిగతావాళ్ళు దానికి సరిపడా పెట్టాలి, లేదా దిగిపోవాలి. ఉన్నవాళ్ళందరి పందెం సమానమయ్యేదాకా ఆ రౌండ్ ముగియదు.

ఆ తర్వాత డీలర్ పై ముక్క ఒకటి చూడకుండా పక్కన పడేసి, మూడు ముక్కలు మధ్యలో వెల్లకిలా పరుస్తాడు. ఇది ఫ్లాప్. ఆ మూడూ అందరివీ. మళ్ళీ ఒక రౌండ్ పందెం, ఈసారి డీలర్ ఎడమవైపు నుంచి, ఆటలో ఉన్నవాళ్ళలో మొదటి మనిషి దగ్గర మొదలు. ఇంకో ముక్క పక్కన పడేసి నాలుగోది తిప్పుతారు, అది టర్న్. మళ్ళీ పందెం. అలాగే ఐదోది, రివర్. చివరి పందెం. అప్పటికీ ఇద్దరో ముగ్గురో మిగిలితే ముక్కలు తిప్పి చూపిస్తారు. చివరి రౌండ్‌లో ఆఖరుగా పెంచినవాళ్ళు ముందు చూపించాలి.

ప్రతిసారీ ఒక ముక్క ఎందుకు పక్కన పడేస్తారని పిల్లలు తప్పకుండా అడుగుతారు. పై ముక్క మీద గీతో మరకో ఉండి ఎవరైనా గుర్తుపడితే, ఆ లాభం పోవడానికి. ఇంట్లోనూ ఆ పద్ధతి వదలొద్దు.

మొదటి రోజు ముక్కలు తెరిచే ఆడండి

నిబంధనలు చదివాక నేరుగా పందేలకి దిగొద్దు. మొదటి గంట అందరి ముక్కలూ వెల్లకిలా పెట్టి, గింజలు లేకుండా ఆడండి. రివర్ దాకా పరిచి, ఎవరు గెలిచారో అందరూ కలిసి తేల్చండి. చేతిలో రెండు, మధ్యలో ఐదు, మొత్తం ఏడు. అందులోంచి ఏవైనా మంచి ఐదు తీసుకోవాలి. రెండూ వాడొచ్చు, ఒకటే వాడొచ్చు, అసలు వాడకపోవచ్చు.

ఇక్కడ అందరూ తడబడే చోటు ఒకటుంది. బోర్డు మీద, అంటే మధ్యలో పరిచిన ఐదు ముక్కల్లో, ఆసు, 7, 4, జాకీ, 2 ఉన్నాయి. మీ చేతిలో ఆసు, 9. అక్క చేతిలో ఆసు, రాజు. ఇద్దరికీ ఆసుల జతే. మీ ఐదు: ఆసు, ఆసు, జాకీ, 9, 7. అక్క ఐదు: ఆసు, ఆసు, రాజు, జాకీ, 7. జత తర్వాతి ముక్క దగ్గర అక్క గెలిచింది. ఆ పక్క ముక్కని కిక్కర్ అంటారు.

ఇప్పుడు బోర్డు మార్చండి: ఆసు, రాజు, రాణి, 9, 8. మీ దగ్గర ఆసు, 6. అక్క దగ్గర ఆసు, 3. మీ 6 పెద్దదే కదా, గెలిచారా? లేదు. ఇద్దరి ఐదూ ఆసు, ఆసు, రాజు, రాణి, 9. ఆరో ముక్కకి పోకర్‌లో చోటు లేదు, పాట్ పంచుకోవాలి. ఈ రెండు బోర్డులూ చేత్తో పరిచి చూడండి, చదివితే పట్టుబడదు.

ఇంకో సాధన. ఐదు ముక్కలు మధ్యలో పరిచి, ఈ బోర్డు మీద ఎవరికైనా రాగల అన్నిటికన్నా పెద్ద హ్యాండ్ ఏదో చెప్పమనండి. ఇస్పేటు రాజు, ఇస్పేటు 9, డైమన్ 9, కళావరు 4, ఇస్పేటు 2 పడ్డాయనుకోండి. చేతిలో మిగతా రెండు 9లు ఉన్నవాడిదే పెద్దది. తర్వాత రెండు రాజులు ఉన్నవాడి ఫుల్ హౌస్. ఇస్పేటు ఆసు పట్టుకుని ఫ్లష్ వచ్చిందని మురిసేవాడు ఇంకా చాలా కింద ఉన్నాడు. రెండు సూత్రాలు గుర్తుంటే చాలు: బోర్డు మీద జత లేనిదే ఎవరికీ ఫుల్ హౌస్ రాదు, ఒకే రంగు మూడు లేనిదే ఎవరికీ ఫ్లష్ రాదు.

ఏ ముక్కలతో ఉండాలి, ఏవి పడేయాలి

కొత్తవాళ్ళందరి జబ్బూ ఒకటే, ప్రతి ఆటలోనూ ఉండాలనుకోవడం. "చూద్దాం, ఏం పడుతుందో" అని రెండేసి గింజలు పెడుతూ పోతే గంటలో చేతులు ఖాళీ. చేతిలో జత లేకుండా ఫ్లాప్‌కి వెళ్తే, మీ రెండిట్లో ఒకదానికైనా జత పడేది సుమారు మూడుసార్లలో ఒకసారే. మిగతా రెండుసార్లూ వట్టి చేతులతో నిలబడతారు. అందుకే మొదలే మంచి ముక్కలతో వెళ్ళాలి.

రెండు ముక్కలు 1,326 రకాలుగా రావచ్చు. అందులో ఆసుల జత ఆరు రకాలే, అంటే 221 ఆటలకి ఒకసారి. ఏదో ఒక జత మాత్రం 17 ఆటలకి ఒకసారి వస్తుంది. ఐదారుగురు ఆడుతున్నప్పుడు మొదట్లో ఈ కొలత పెట్టుకోండి: అన్ని జతలూ, ఆసుతో రాజు, రాణి, జాకీ, 10, రాజు రాణి, ఒకే రంగులో ఆసుతో ఏ ముక్కైనా. మీరు బటన్ మీదో దాని కుడి పక్కనో ఉంటే రాజు జాకీ, రాణి జాకీ, ఒకే రంగులో జాకీ 10, 10 9, 9 8 లాంటివి కూడా చేర్చుకోండి. మిగతావన్నీ పడేయండి. అంటే ఎక్కువ ఆటల్లో మీరు చూస్తూ కూర్చోవాల్సి వస్తుంది. ఆ కూర్చునే టైమ్‌లోనే ఎవరు దేనితో ఎలా ఆడుతున్నారో తెలుస్తుంది.

"ఒకే రంగువి కదా" అని రాజు 4, జాకీ 3 లాంటివి పట్టుకోవడం ఇంకో బలహీనత. ఒకే రంగు రెండు ముక్కలతో ఫ్లాప్‌లోనే ఫ్లష్ కుదిరేది దాదాపు 120 సార్లలో ఒకసారి. రంగు అనేది మంచి ముక్కలకి కాస్త అదనపు బలం మాత్రమే, చెత్త ముక్కల్ని అది మంచివి చేయదు.

బటన్‌కి విలువ ఎందుకంటే, ఫ్లాప్ తర్వాత ప్రతి రౌండ్‌లోనూ ఆ మనిషే చివర మాట్లాడతాడు. ముందువాళ్ళు చెక్ అన్నారా, పెంచారా, తటపటాయించారా, అన్నీ చూసి నిర్ణయించుకుంటాడు. అవే ముక్కలు మొదట మాట్లాడాల్సిన చోట ఉంటే గుడ్డిగా ఆడినట్టవుతుంది.

మంచి ముక్కలు వస్తే ఊరికే కాల్ చేయకండి, పెంచండి. బిగ్ బ్లైండ్ 2 అయితే 6 దాకా. "పెంచితే అందరూ పారిపోతారు, దాచుకుని ఆడదాం" అనిపిస్తుంది. లెక్క చూడండి. ఆసుల జత ఒక్క మనిషి మీద నూటికి 85 సార్లు గెలుస్తుంది. నలుగురు ఏవో ముక్కలతో చివరిదాకా ఉంటే అదే జత 56కి పడిపోతుంది. పెంచడం అంటే ఆ గుంపుని పలచన చేయడం.

ఒక్క ఆటని దగ్గరగా చూద్దాం

ఐదుగురు కూర్చున్నారు. బావ దగ్గర బటన్. అక్క స్మాల్ బ్లైండ్ 1, మీరు బిగ్ బ్లైండ్ 2. తమ్ముడు పడేశాడు. బాబాయి 6కి పెంచారు. బావ, అక్క దిగిపోయారు. మీ చేతిలో ఆటీను 9, ఆటీను 8. ఇంకో 4 పెట్టి ఉన్నారు. పాట్‌లో ఇప్పుడు 13: మీవి 6, బాబాయివి 6, అక్క వదిలేసిన 1.

ఫ్లాప్: కళావరు రాజు, ఆటీను 5, ఆటీను 2. మీకు ఇంకో ఆటీను పడితే ఫ్లష్. మీరు చెక్ అన్నారు. బాబాయి 5 పెట్టారు. పాట్ 18 అయింది. మీరు 5 పెడితే 23. 23కి 5 అంటే నూటికి 22 దాకా. అంటే ఈ కాల్ గిట్టుబాటు కావాలంటే మీకు 22 శాతం అవకాశం ఉండాలి.

మీ అవకాశం ఎంత? ఆటీన్లు మొత్తం 13, మీకు కనిపించినవి 4, మిగిలినవి 9. మీకు పనికొచ్చే ఇలాంటి ముక్కల్ని ఔట్స్ అంటారు. ఔట్స్‌ని రెండుతో గుణిస్తే తర్వాతి ఒక్క ముక్కకి, నాలుగుతో గుణిస్తే రాబోయే రెండు ముక్కలకి సుమారు శాతం వస్తుంది. ఇక్కడ తొమ్మిది రెళ్ళు 18, తొమ్మిది నాలుగులు 36. అసలు లెక్క 19, 35. టర్న్‌కి మాత్రమే చూస్తే కాస్త తక్కువే, కానీ ఫ్లష్ పడితే బాబాయి దగ్గర ఇంకా గింజలు రాబట్టవచ్చు. ఉండొచ్చు. కాల్ చేశారు.

టర్న్‌లో ఇస్పేటు జాకీ పడింది. మీకు పనికిరాలేదు. మళ్ళీ చెక్ అన్నారు. పాట్‌లో 23 ఉంది. ఇక్కడ బాబాయి ఎంత పెడతారన్నదే అసలు సంగతి.

5 పెట్టారనుకోండి. మీరూ 5 పెడితే పాట్ 33 అవుతుంది. 33కి 5 అంటే 15 శాతం. మీ అవకాశం 46లో 9, దాదాపు 20. కాల్ చేయాలి.

15 పెట్టారనుకోండి. మీరూ 15 పెడితే 53. 53కి 15 అంటే 28 శాతం. మీ అవకాశం అదే 20. పడేయాలి. ఆటీను పడ్డాక బాబాయి ఇంకో 24 అయినా ఇచ్చుకుంటారన్న గట్టి నమ్మకం ఉంటేనే ఉండాలి. ఆయన మూడో ఆటీను చూడగానే ముక్కలు దించేసే మనిషైతే ఆ ఆశ వద్దు.

ముక్కలు అవే, మనుషులు వాళ్ళే, బోర్డు అదే. పందెం సైజు మారగానే సరైన జవాబు మారిపోయింది. పోకర్ మీద నాకున్న ఇష్టమంతా ఇక్కడే ఉంది. పదో తరగతి పిల్లలకి సంభావ్యత నేర్పడానికి ఇంతకన్నా మంచి పాఠం నాకు కనబడలేదు. రివర్‌లో ఆటీను పడిందా లేదా అన్నదాన్ని బట్టి మీ నిర్ణయాన్ని తూచకండి. 15కి పడేశాక ఆటీను పడితే కడుపు మండుతుంది, నిజమే. అయినా పడేయడమే సరైనది.

స్ట్రెయిట్ కోసం చూసే రెండు సందర్భాల ఔట్స్ కూడా గుర్తుపెట్టుకోండి. 6, 7, 8, 9 ఉండి రెండు చివర్లా ఖాళీ ఉంటే 8 ఔట్స్. 6, 7, 9, 10 ఉండి మధ్య 8 కోసం చూస్తుంటే 4 మాత్రమే. రెండోదాని వెంట పరిగెత్తేవాళ్ళే ఎక్కువ.

బ్లఫ్ గురించి కొంచెం

సినిమాల పుణ్యమా అని పోకర్ అంటే బ్లఫ్, అంటే చేతిలో ఏమీ లేకుండా పందెం పెట్టి బెదిరించడం, అనుకుంటారు. మొదటి నెల దాని అవసరం చాలా తక్కువ. ఒక లెక్క తెలిస్తే చాలు. పాట్‌లో 20 ఉన్నప్పుడు మీరు 10 పెట్టి బెదిరిస్తే, అవతలి మనిషి మూడుసార్లలో ఒకసారి కన్నా ఎక్కువగా పడేస్తేనే మీకు లాభం. కాబట్టి అన్నిటికీ కాల్ చేసే మనిషి మీద బ్లఫ్ పనిచేయదు. ఇంట్లో ఆటల్లో అలాంటివాళ్ళు కనీసం ఇద్దరుంటారు. వాళ్ళ మీద మంచి ముక్కలు వచ్చినప్పుడు నిండుగా పెట్టండి, రానప్పుడు ఊరుకోండి.

బ్లఫ్ చేయాలనిపిస్తే ఫ్లష్‌కో స్ట్రెయిట్‌కో ఒక్క ముక్క తక్కువున్నప్పుడు చేయండి. అవతలివాళ్ళు పడేస్తే సరే, కాల్ చేసినా ఇంకో ముక్క పడే అవకాశం మిగిలి ఉంటుంది.

గింజలన్నీ పెట్టేసినప్పుడు

ఆల్ ఇన్ దగ్గర ప్రతి ఇంట్లోనూ గొడవ అవుతుంది, అందుకని ఉదాహరణతోనే చెప్తాను. అక్క దగ్గర 20, మీ దగ్గర 60, బావ దగ్గర 100. ముగ్గురూ అన్నీ పెట్టేశారు. ముగ్గురి నుంచీ 20 చొప్పున తీస్తే 60. అది మెయిన్ పాట్, దానికి ముగ్గురూ పోటీ. మీ దగ్గర మిగిలిన 40, బావ నుంచి 40, కలిపి 80. అది సైడ్ పాట్, దానికి మీరూ బావా మాత్రమే. బావ దగ్గర మిగిలిన 40కి ఎదురు ఎవరూ లేరు, వెనక్కి తీసుకోవాలి. ముందు సైడ్ పాట్ తేల్చండి, తర్వాత మెయిన్ పాట్. అక్క ముక్కలు అన్నిటికన్నా పెద్దవైనా ఆమెకి వచ్చేది 60 మాత్రమే.

గింజలకి విలువ తెచ్చే పద్ధతి

ఇప్పుడు మొదట్లో వదిలిన ప్రశ్న. గింజలే కదా అని అందరూ అన్నిటికీ కాల్ చేస్తుంటే పోకర్ నేర్చుకోలేం, అది నిజం. దానికి మందు డబ్బు కాదు, టోర్నమెంటు. అందరికీ 100తో మొదలు. అయిపోతే మళ్ళీ గింజలు ఇవ్వరు, బయటికే. బయటికి వెళ్ళిన మొదటి మనిషి అందరికీ టీ పెట్టాలి. పావుగంటకోసారి బ్లైండ్స్ పెంచుతూ పోండి: 1, 2 తర్వాత 2, 4, ఆపైన 3, 6, ఆపైన 5, 10. ఐదుగురు ఆడితే గంటన్నర, రెండు గంటల్లో ఒక్కరే మిగులుతారు. చివరి ఇద్దరే ఉన్నప్పుడు బటన్ ఉన్న మనిషే స్మాల్ బ్లైండ్ పెట్టి, ఫ్లాప్‌కి ముందు తనే మొదట మాట్లాడాలి. ఈ పద్ధతిలో రెండో సాయంత్రానికే జనం చింతపిక్కల్ని లెక్కపెట్టుకుని మరీ పెడతారు.

వరల్డ్ సిరీస్ కూడా ఈ టోర్నమెంటు పద్ధతే. 2003లో క్రిస్ మనీమేకర్ అనే టెనెసీ అకౌంటెంటు 839 మందిలో గెలిచి 25 లక్షల డాలర్లు తీసుకెళ్ళాడు. ప్రపంచమంతా పోకర్ మీద పడింది ఆ తర్వాతే. మిగిలిన 838 మందిలో ఎక్కువమంది ప్రవేశ రుసుము 10,000 డాలర్లకీ ఏమీ పొందకుండానే ఇంటికెళ్ళారు. అమెరికాలో ఉన్న తెలుగు పిల్లలు వారాంతాల్లో క్యాసినోలకి వెళ్ళేముందు ఆ 838 అనే సంఖ్యని కూడా చూడాలి.

బల్ల దగ్గర మర్యాద

మీ వంతు వచ్చేదాకా మాట్లాడొద్దు, ముక్కలు పడేయొద్దు. మీరు పడేస్తారని ముందే తెలిస్తే మధ్యలో ఉన్నవాళ్ళ నిర్ణయం మారిపోతుంది. పెంచేటప్పుడు "12కి పెంచుతున్నాను" అని నోటితో చెప్పి ఒకేసారి పెట్టండి. కొన్ని గింజలు పెట్టి, ఎదుటివాళ్ళ ముఖం చూసి, ఇంకొన్ని పెట్టడం చెల్లదు. పాట్‌లోకి గింజలు విసరకండి, మీ ముందు పెడితే లెక్క కనబడుతుంది. దిగిపోయినవాళ్ళు "నేను 9 పడేశానే" లాంటి మాటలు ఆట అయ్యేదాకా అనకూడదు. ఫ్లష్ గెలిచిందని తెలిసి కూడా నిమిషం సేపు నాన్చి చూపించి ఎదుటివాళ్ళని ఏడిపించకండి. ఓడినవాళ్ళ ముక్కలు చూపించమని బలవంతం చేయకండి.

ఒక నోటు పుస్తకం దగ్గర పెట్టుకోండి. ప్రతి సాయంత్రం ఆట అయ్యాక, ఏది చేయాలో తేల్చుకోలేకపోయిన ఒకటి రెండు ఆటలు రాయండి: మీ ముక్కలు, బోర్డు, పాట్ ఎంత, ఎవరు ఎంత పెట్టారు. మర్నాడు తీరిగ్గా ఔట్స్ లెక్కపెట్టి, పాట్‌తో పోల్చి చూడండి.

ఔట్స్ లెక్క ఆటలోనే ఆలోచించకుండా వస్తున్నప్పుడు ఒమాహా మొదలుపెట్టొచ్చు. అందులో చేతికి నాలుగు ముక్కలు ఇస్తారు, వాటిలోంచి కచ్చితంగా రెండూ, బోర్డులోంచి కచ్చితంగా మూడూ తీసుకోవాలి. హోల్డెమ్ బోర్డు చూడగానే పెద్ద హ్యాండ్ ఏదో చెప్పగలిగేదాకా దాని జోలికి వెళ్ళకండి.